స్త్రీ స్వభావమనే వాదం: వానరశాస్త్రం, నల్లగొండ స్త్రీల కథనాలు

కీలక పదాలు: స్వభావం, మహావానరాలు, తెలంగాణ సాయుధ పోరాటం, మౌఖిక చరిత్ర, శిశుపోషణ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.

ఉపోద్ఘాతం

'తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు' అన్న సామెత తెలుగునాట అన్ని ప్రాంతాల్లోనూ వినబడుతుంది. చూపుకు రెండు మాటలే అయినా అందులో ఉన్నది ఒకటే తీర్పు. ఇల్లు స్త్రీకి, బయలు పురుషునికి అన్నదే ఆ తీర్పు. పూర్వం దీనికి ధర్మశాస్త్రాన్ని ఆధారంగా చూపేవారు. ఇప్పుడు ఆ స్థానంలోకి జీవశాస్త్రం వచ్చింది. 'కోతుల్లోనూ మగదే గుంపుకు పెద్ద, ఆడది పిల్లను చూసుకుంటుంది; మనమూ అక్కడినుంచి వచ్చినవాళ్లమే కదా' అన్న మాట తరగతి గదుల్లో, సాహిత్య సభల్లో తరచు వినబడుతోంది. శాస్త్రాలతో వాదించవచ్చు గానీ ప్రకృతితో వాదించి ప్రయోజనం లేదన్న నమ్మకమే ఈ మాటకు బలం.

ఈ వాదాన్ని రెండు రకాల ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది, గత వంద ఏళ్లలో వానరాల సామాజిక జీవనంపై జరిగిన అధ్యయనం. రెండవది, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు కేంద్రంగా 1946-51 మధ్య సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలు. ఈ రెండింటికీ పొంతన ఏమిటన్న సందేహం సహజం. మొదటిది స్త్రీ పురుష పాత్రలు ప్రకృతి నిర్ణయాలా అన్న ప్రశ్నకు జీవజాతుల పక్షాన సమాధానమిస్తుంది. రెండవది అదే ప్రశ్నకు ఒక ప్రాంతపు చరిత్ర పక్షాన సమాధానమిస్తుంది. అంతకన్న ముఖ్యమైన పోలిక ఇంకొకటి ఉంది. రెండు చోట్లా స్త్రీలు చాలాకాలం లెక్కలోకి రాలేదు. రెండు చోట్లా పరిశీలన పద్ధతి మారిన తర్వాతనే వారు కనబడ్డారు.

పరిభాష గురించి ఒక మాట

తెలుగులో కోతి, కొండముచ్చు, వానరం, మర్కటం అనే పదాలున్నాయి. ఇవన్నీ తోక ఉన్న జంతువులకు పుట్టిన పేర్లే. తోకలేని వానరాలు, అంటే చింపాంజీ, బొనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ జాతులు, మన ప్రాంతంలో లేవు. భారతదేశంలో ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండే హూలాక్ గిబ్బన్ ఒక్కటే ఈ వర్గానికి చెందినది. ఈ వ్యాసంలో తోకలేని వానరాలను 'మహావానరాలు' అని, మొత్తం అధ్యయన శాఖను 'వానరశాస్త్రం' అని వ్యవహరిస్తున్నాను.

ఈ భేదం కేవలం పేర్లకు సంబంధించినది కాదు. 'కోతుల్లో చూడండి' అనేవారు గుడి దగ్గరో చింతతోపులోనో కనబడే కోతులను తలచుకొని ఆ మాట అంటారు. మహావానరాల శాఖ, ఈ కోతుల శాఖ సుమారు రెండున్నర కోట్ల ఏళ్లకు పూర్వమే విడిపోయాయి. పోనీ, గుడి దగ్గరి కోతులనే ప్రమాణంగా తీసుకున్నా సామెతకు బలం చేకూరదు. ఆ జాతి గుంపుల్లో పుట్టినచోట స్థిరంగా ఉండేవి ఆడకోతులు. ఈడు వచ్చిన మగకోతులు గుంపు విడిచి వేరే గుంపు వెతుక్కుంటూ పోతాయి. తల్లికి ఉన్న హోదా కూతురికి సంక్రమిస్తుంది. గుంపు ముందు బోరవిడిచి కూర్చున్న మగకోతి కొన్నేళ్ల అతిథి మాత్రమే. ఇక చింపాంజీ, బొనోబోల్లో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ మగవి పుట్టినచోటే జీవితాంతం ఉండిపోతాయి. ఈడు వచ్చిన ఆడవి ఊరు విడిచిపోతాయి. 'తిరిగేది' ఎవరన్న ప్రశ్నకు ప్రకృతి ఒకే జవాబు చెప్పలేదు.

మునగాల దారిలో ఒక ప్రశ్న

స్త్రీల 'స్వభావం' గురించిన చర్చ తెలుగులో కొత్తది కాదు. సూర్యాపేటనుంచి కోదాడకు వెళ్లే దారిలో మునగాల ఉంది. నిజాం రాజ్యం నడుమ ఉన్నప్పటికీ మునగాల పరగణా నాడు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. జమీందారు నాయని వెంకటరంగారావు వద్ద కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలికి వీరిద్దరూ ఆధారస్తంభాలు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం రెండూ ఆధునిక తెలుగు వచనంలోకి ఆ మండలి పుస్తకాల ద్వారా విస్తారంగా వచ్చాయి.

లక్ష్మణరావు అక్క బండారు అచ్చమాంబ (1874-1905). కోదాడ ఆవల, సరిహద్దు దాటితే వచ్చే పెనుగంచిప్రోలు ఆమె పుట్టిన ఊరు. 1901లో వెలువడిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో ఆమె భారతీయ స్త్రీల చరిత్రలను సంకలనం చేశారు. స్త్రీలు పుట్టుకతోనే బలహీనులు, తెలివితక్కువవారు అన్న అభిప్రాయాన్ని చరిత్ర సాక్ష్యంతో ఖండించడం ఆ గ్రంథం ఉద్దేశాల్లో ఒకటి. ఈ పద్ధతిని గమనించాలి. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1871లో, డార్విన్ మానవుని అవతరణ గురించి రాసిన గ్రంథంలో కవిత్వం, చిత్రలేఖనం, శాస్త్రం వంటి రంగాల్లో ప్రసిద్ధులైన పురుషుల పట్టికను, స్త్రీల పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే పురుషుల మేధాశక్తి అధికమని తేలుతుందని వాదించాడు. అచ్చమాంబ గ్రంథం డార్విన్‌కు జవాబుగా ఉద్దేశించినది కాదు. అయినా వాదం ఒకటే, జవాబు పద్ధతీ ఒకటే. పట్టిక చిన్నదిగా ఉన్నదంటే ఆ పేర్లు లేవని కాదు, ఎవరూ రాయలేదని ఆమె గ్రహించారు. అందుకే పట్టికను తానే తయారుచేయడానికి పూనుకున్నారు.

ఎవరు చూశారు, ఏమి చూశారు

వానరశాస్త్రం తొలి రోజుల్లో పట్టిక ఎలా తయారయిందో చూద్దాం. 1925లో లండన్ జంతుప్రదర్శనశాలలో 'మంకీ హిల్' పేరుతో ఒక కృత్రిమ గుట్ట కట్టి అందులో హమద్రయాస్ బబూన్లను వదిలారు. వాటిలో దాదాపు అన్నీ మగవే. తర్వాత కొన్ని ఆడవాటిని చేర్చారు. వాటికోసం మగవాటి మధ్య జరిగిన పోరులో ఆ ఆడవాటిలో చాలా భాగం చచ్చిపోయాయి. సాలీ జుకర్‌మన్ 1932లో ప్రచురించిన గ్రంథానికి ఈ గుట్ట మీది పరిశీలనలు ముఖ్యాధారం. మగదాని ఆధిపత్యం, ఆడదానికోసం పోటీ, ఈ రెండే వానర సమాజానికి పునాది అన్న భావన దానివల్ల బాగా వ్యాపించింది. ఇరుకైన చోట, అపరిచితులను, అసమాన సంఖ్యలో బంధించి చూసిన ప్రవర్తనను ప్రకృతి అనుకున్నారు. తర్వాత ఇథియోపియాలో స్వేచ్ఛగా తిరిగే అదే జాతి బబూన్లను హాన్స్ కుమర్ పరిశీలించినప్పుడు అంతటి మారణకాండ వాటి నిత్యజీవితం కాదని తేలింది.

1960 జులైలో జేన్ గుడాల్ టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లారు. ఆమె చింపాంజీలకు అంకెలు కాక పేర్లు పెట్టారు. ఫ్లో అనే ఒక ముసలి తల్లిని, దాని పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించారు. చెదల పుట్టలోకి పుల్లను జొనిపి చెదలు తీసి తినడం చింపాంజీలకు తెలుసునని ఆమె చూపినప్పుడు, పనిముట్టు చేయడం మనిషికే సొంతమన్న నిర్వచనం సడలింది. ఆ పనిలో మగవాటికన్న ఆడవి ఎక్కువ సమయం గడుపుతాయని తర్వాతి పరిశీలనలు తెలిపాయి. తల్లి పుల్ల వాడే తీరును ఆడపిల్లలు శ్రద్ధగా చూసి ముందుగా నేర్చుకుంటాయని, మగపిల్లలు ఆ సమయంలో ఎక్కువగా ఆటలో ఉంటాయని 2004లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. సెనెగల్‌లోని ఫొంగోలిలో చింపాంజీలు కర్రను మొనగా చెక్కి చెట్టు తొర్రల్లోని చిన్న జంతువులను వేటాడతాయని 2007లో వెల్లడైంది. ఆ ఆయుధం పట్టినవాటిలో ఆడవి, పిల్లలు ప్రముఖంగా కనబడ్డాయి. 'వేటగాడైన పురుషుడు' మానవ జాతిని నిర్మించాడని 1966 నాటి చికాగో సదస్సు తర్వాత బలపడిన సిద్ధాంతానికి ఇది ఇబ్బందికరమైన సాక్ష్యం.

ఇంత మార్పుకు కారణం పరిశీలకుల్లో స్త్రీలు పెరగడం మాత్రమే కాదు. 1974లో జీన్ ఆల్ట్‌మన్ ప్రచురించిన పద్ధతిశాస్త్ర వ్యాసం ఇక్కడ కీలకం. అంతకుముందు పరిశీలకులు తమ దృష్టిని ఆకర్షించిన ఘటనను రాసుకునేవారు. కేకలు, తగాదాలు, కోరలు చూపడం సహజంగానే దృష్టిని ఆకర్షిస్తాయి. ఇవి చేసేవి ఎక్కువగా మగవి. మౌనంగా మేత వెతికే, పిల్లను మోసే, పక్కదాని ఒంటిమీది పేలు తీసే ఆడవి పుస్తకంలోకి ఎక్కేవి కావు. గుంపులోని ప్రతి జంతువును వంతులవారీగా, నిర్ణీత సమయం పాటు, అది ఏమీ చేయకపోయినా సరే గమనించి రాయాలని ఆల్ట్‌మన్ ప్రతిపాదించారు. కంటికి కొట్టొచ్చినట్టు కనబడేదే ముఖ్యమైనదన్న భ్రమను ఈ నియమం తొలగించింది.

ఒకే శాఖ, పలు పద్ధతులు

మహావానరాల్లో స్త్రీ పురుష సంబంధాలు ఒకే తీరుగా లేవు. గొరిల్లాల్లో ఒక బలమైన మగదాని చుట్టూ కొన్ని ఆడవి ఉంటాయి. ఒరాంగుటాన్ తల్లి దాదాపు ఒంటరిగా తిరుగుతూ ఒక పిల్లను ఏడెనిమిదేళ్లు సాకుతుంది. గిబ్బన్లు జంటలుగా ఉంటాయి. గిబ్బన్లలోని సియామాంగ్ జాతిలో రెండో ఏట పిల్లను తండ్రి మోస్తాడు. చింపాంజీల్లో మగవాటి కూటములదే పైచేయి. అవి సరిహద్దు కాస్తాయి, ఆడవాటిని బెదిరిస్తాయి, కొడతాయి. ఈ సంగతిని దాచడం న్యాయం కాదు.

బొనోబోల్లో కథ వేరు. మగది ఆడదానికన్న పెద్దది, బలమైనది. అయినా ఆహారం దగ్గర ముందు కూర్చునేది సాధారణంగా ఆడదే. 1973నుంచి కాంగోలోని వాంబాలో తకయోషి కానో మొదలుపెట్టిన పరిశీలనలు, ఆ తర్వాత ఇతర చోట్ల జరిగినవి ఇందుకు కారణాన్ని చూపాయి. ఆడ బొనోబోలు ఒక మగదాని దౌర్జన్యానికి కలిసికట్టుగా ఎదురు తిరుగుతాయి. పుట్టిన గుంపు విడిచి వచ్చినవి కనుక అవి అక్కచెల్లెళ్లు కావు, తల్లీకూతుళ్లు కావు. రక్తసంబంధం లేని వాటి మధ్య పొత్తు అది. ఆరు గుంపుల్లో మూడు దశాబ్దాలపాటు సేకరించిన వివరాలతో 2025లో వెలువడిన అధ్యయనం కూడా ఆడవాటి అధికారానికి ఈ పొత్తుతో సంబంధం ఉందని, ఆ అధికారం గుంపు గుంపుకూ మారుతుందని తేల్చింది.

చింపాంజీ, బొనోబోలు మనకు సమాన దూరంలో ఉన్న దాయాదులు. ఒకదానిని చూపి పురుషాధిక్యం సహజమంటే, రెండవదానిని చూపి స్త్రీ అధికారం సహజమనవచ్చు. ఈ రెండు వాదాలూ ఒక్కటే తప్పు చేస్తాయి. ఈ రెండు జాతుల మధ్య తేడాను ఒంటి బలం ఒక్కటే వివరించలేదు. మేత ఎలా దొరుకుతుంది, ఆడవి ఒకచోట కలిసి మేయగలవా, ఆపద వేళ ఎవరు ఎవరి పక్కన నిలుస్తారు అన్న పరిస్థితులను చూడాలి. మన దేశపు కొండముచ్చుల్లోనూ ఇదే కనబడుతుంది. 1960ల ఆరంభంలో ధార్వాడ్ దగ్గర సుగియామా, 1970లలో ఆబూ పర్వతం మీద సారా బ్లాఫర్ హర్డీ వాటిని పరిశీలించారు. కొత్తగా గుంపును ఆక్రమించిన మగది పసికూనలను చంపడం ఇద్దరి పరిశీలనల్లోనూ వచ్చింది. ఆడవి ఊరక కూర్చోలేదు. ముసలివాటితో సహా అవి కలిసి అడ్డుపడిన తీరును హర్డీ ప్రత్యేకంగా నమోదు చేశారు.

గడీ, సంఘం

ఇప్పుడు నల్లగొండకు వద్దాం. నిజాం పాలనలో సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు దేశముఖుల భూస్వామ్యానికి పేరుమోసినవి. సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలున్నట్లు పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథంలో పేర్కొన్నారు. గడీ లోపల 'స్త్రీ స్వభావం' ఒకటి కాదు. దొరసాని గడప దాటదు. ఆడబాప దొరసాని వెంట కట్నంలా వచ్చిన మనిషి, ఆమె దేహం కూడా ఆమెది కాదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల ఈ వ్యవస్థను చిత్రించింది. గడీ బయట వెట్టి స్త్రీ పొద్దుపొడుపునుంచి దొర పొలంలో ఉంటుంది. ఇల్లే స్త్రీ స్థానమన్న సూత్రం ఆమెకు ఎన్నడూ వర్తించలేదు. విసునూరు దేశముఖ్ తల్లి వంటివారు తామే అధికారం చెలాయించి వెట్టి చేయించుకున్న సంగతీ చరిత్రలో ఉంది. 'ఆడదాని మనసు మెత్తన' అన్నది కూడా అందరికీ వర్తించే నియమం కాదని ఇది చెబుతుంది.

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభనుంచీ దాని వెంట మహిళాసభ జరపడం ఆనవాయితీ. కోదాడ సమీపంలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభ తర్వాత మహాసభ రైతు సమస్యలవైపు వేగంగా మళ్లింది. ఊళ్లలో దానికి 'సంఘం' అన్న పేరు స్థిరపడింది. పాలకుర్తిలో చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ తన కౌలు పొలంలో పండిన పంటను దేశముఖ్ మనుషులకు దక్కనీయలేదు. ఆమె పక్కన సంఘం నిలబడింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య అమరుడైన తర్వాత పోరాటం ఊరూరా పాకింది. రోకలి, కారం, వడిసెల పట్టుకొని స్త్రీలు రజాకార్లనూ పోలీసులనూ ఎదుర్కొన్నారు. ఇవి వంటింటివి, చేనివి. చేతులు అవే, వస్తువులు అవే, పని మారింది.

సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి కుటుంబంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం పరదా చాటున పెరగవలసిన బాలిక. పదకొండేళ్ల వయసులో కూలీలకు ధాన్యం పంచడంతో ఆమె ప్రజాజీవితం మొదలైంది. ఇరవై ఏళ్లు నిండకముందే దళంలో పనిచేశారు. రాజక్క అన్న పేరుతో తిరిగిన ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. గడప దాటని దొరసాని 'స్వభావం' ఒక్క తరంలో, ఒక్క ఇంట్లో, కొద్ది సంవత్సరాల్లో ఇలా మారింది. లక్షల ఏళ్ల పరిణామక్రమం నిర్ణయించినది ఇంత త్వరగా మారదు. మారినది చుట్టూ ఉన్న పొత్తు. రక్తసంబంధం లేని, ఒకే కులం కాని స్త్రీలు ఒకరి పక్కన ఒకరు నిలబడే వీలు సంఘం కల్పించింది.

1951 అక్టోబరు 21న పోరాట విరమణ జరిగింది. 1952 ఎన్నికల్లో ఆలేరునుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. స్వరాజ్యం 1978, 1983లలో తుంగతుర్తినుంచి గెలిచారు. పేరు తెలియని వందలమంది మాత్రం ఇళ్లకు తిరిగివెళ్లారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లోని కథనాల్లో ఈ తిరిగి వెళ్లడం మళ్లీ మళ్లీ వస్తుంది. పెళ్లి, సంసారం, 'మంచి పేరు' అన్న పాత లెక్కలు వారికోసం ఎదురుచూశాయి. జాన్ స్టువర్ట్ మిల్ 1869లోనే అడిగిన ప్రశ్న ఇక్కడ గుర్తుకు వస్తుంది. ప్రకృతిసిద్ధంగా స్త్రీలు చేయలేని పనిని వారికి నిషేధించవలసిన అవసరమేమిటి? చెప్పి, ఒప్పించి, భయపెట్టి వెనక్కు పంపవలసి వచ్చిందంటే అది స్వభావం కాదు, ఏర్పాటు.

ఈ పుస్తకం పద్ధతినీ ఆల్ట్‌మన్ పద్ధతితో పోల్చవచ్చు. సుందరయ్య తన గ్రంథంలో స్త్రీల పాత్రకు ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. అది ఆనాటికి విశేషమే. అయితే పోరాట చరిత్ర స్వరూపమే ఘటనల చరిత్ర. కాల్పులు, దాడులు, ప్రాణత్యాగాలు అందులో ప్రధానం. రాత్రివేళ అన్నం మోసుకుపోవడం, ఉత్తరం చేరవేయడం, పట్నంలో 'డెన్' నడుపుతూ అపరిచితునికి భార్యగా నటించడం ఘటనలు కావు, ఎడతెగని పనులు. ఒక్కొక్క స్త్రీకి ఆమె సమయం ఇచ్చి, ఆమె చెప్పినదంతా విని రాసినప్పుడే అవి చరిత్రలోకి వచ్చాయి.

బిడ్డ ఎవరి చేతిలో?

ఆ కథనాల్లో మనసును కలచివేసేది కమలమ్మ కథనం. దళంతో అడవిలో ఉండగా ఆమె తన పసిబిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చింది. బిడ్డ ఏడిస్తే దళం ఉనికి బయటపడుతుంది. బిడ్డో ఉద్యమమో తేల్చుకోవలసినది తల్లి. తండ్రి ముందు ఆ ప్రశ్న అదే రూపంలో నిలవలేదు. ఇక్కడ స్వభావవాదం మళ్లీ తలెత్తుతుంది. 'తల్లి తల్లే కదా, బిడ్డను కనేది ఆమే కదా, కనుక పోరాటం ఆమెకు పొసగదు' అంటారు.

మన వేదాంత పరిభాషలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం ప్రసిద్ధాలు. కోతిపిల్ల తన ప్రయత్నంతో తల్లిని కరుచుకొని ఉంటుంది. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, తల్లే నోట కరచుకొని పోతుంది. భక్తుడు, భగవంతుడు అన్న సంబంధాన్ని చెప్పడానికి వీటిని వాడారు. మనిషి బిడ్డకు ఈ రెండూ సరిపోవు. అది తల్లిని కరుచుకోలేదు. చేతికందినది పట్టుకునే శక్తి పసిగుడ్డులో ఉన్నా తల్లిని కరుచుకొని ఉండటానికి అది చాలదు. ఎవరో ఒకరు ఎత్తుకోవలసిందే. ఆ ఎవరో ఎల్లప్పుడూ తల్లే కావడం సాధ్యం కాదు.

హర్డీ 2009లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించారు. చింపాంజీ తల్లి తొలి నెలల్లో తన పిల్లను మరొకదాని చేతికి ఇవ్వదు. చింపాంజీల్లో కాన్పుకూ కాన్పుకూ మధ్య అయిదారేళ్లు, ఒరాంగుటాన్లలో ఏడెనిమిదేళ్లు ఎడం ఉంటుంది. మొదటి పిల్ల తన మేత తాను వెతుక్కునే వరకు రెండోది పుట్టదు. వేట, సేకరణలతో బతికే మానవ సమూహాల్లో ఈ ఎడం మూడు నాలుగేళ్లే. మొదటి బిడ్డకు తనంతట తాను తినడం చేతకాకముందే రెండవది వస్తుంది. అంతమందిని తల్లి ఒక్కతే పోషించలేదు. అమ్మమ్మ, నానమ్మ, అక్క, మేనత్త, తండ్రి, ఇరుగుపొరుగు అందరి చేతుల మీదుగా పెరిగే బిడ్డలే మనుషులయ్యారన్నది ఆమె ప్రతిపాదన. ఈ విషయంలో పిల్లను పుట్టిన నాడే ఇతర ఆడవాటి చేతికి అందించే కొండముచ్చు మనకు చింపాంజీకన్న దగ్గరగా కనబడుతుంది. తల్లి ఒక్కతే బిడ్డకు సర్వస్వమన్న భావనకు మహావానరాల్లో పోలిక దొరుకుతుంది. మానవత్వపు విశిష్టత దానిని దాటిరావడంలోనే ఉంది.

ఈ సిద్ధాంతానికి దృష్టాంతం వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కరలేదు. నాగార్జునసాగర్ ఎడమకాలువ కింద మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లో నాట్ల కాలంలో చూస్తే చాలు. ముఠాగా వచ్చిన స్త్రీలు వరుసగా వంగి నాటు వేస్తుంటారు. గట్టు మీద చెట్టుకొమ్మకు చీరతో కట్టిన ఉయ్యాలలో పసివాడుంటాడు. పనికి వంగలేని ముసలమ్మ ఒకరు, ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఆ ఉయ్యాలలను చూస్తుంటారు. ఆ ముసలమ్మ లేకపోతే అక్కడ నాటు లేదు, బియ్యం మిల్లు లేదు. అయినా ఆమె పని ఏ కూలి లెక్కలోనూ ఉండదు.

ఈ వెలుగులో కమలమ్మ కథనాన్ని తిరిగి చదవాలి. ఆమెకు ఎదురైన సంకటాన్ని ప్రకృతి సృష్టించలేదు. తుపాకులు దాచడానికి చోటు, గాయపడినవారికి వైద్యం, ఉత్తరాలకు మనుషులు, వీటన్నిటికీ ఏర్పాట్లు చేసిన ఉద్యమం పిల్లలను తన బాధ్యతగా లెక్కించలేదు. నిర్బంధం మధ్య అది ఎంత కష్టమో ఊహించగలం. కష్టం వేరు, అసలు ప్రశ్నగానే తోచకపోవడం వేరు. బిడ్డ తల్లి సొంత సమస్య అన్న నమ్మకం దొరల గడీని ఎదిరించినవారిలోనూ మిగిలిపోయింది.

రెండు అభ్యంతరాలు

వానరాలను చూపి మనుషుల గురించి మాట్లాడటం సరికాదని ఒక అభ్యంతరం. వానరాలు ఆదర్శాలూ కావు, ఆజ్ఞలూ కావు. కొండముచ్చు పసికూనను చంపుతుంది కనుక అది సమర్థనీయమని ఎవరూ అనరు. ఇక్కడ వాటిని సాక్ష్యంగా పిలిచింది ఒక వాదాన్ని పరీక్షించడానికి మాత్రమే. 'ప్రకృతిలో ఉన్నది ఒకే పద్ధతి' అన్న వాదానికి అవి ప్రతికూల సాక్షులు.

రెండవది, అభ్యుదయ సాహిత్యానికి సంబంధించినది. ఎంగెల్స్ 1884 నాటి కుటుంబ చరిత్ర గ్రంథం, రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' తెలుగు పాఠకుల్లో పలు తరాలను ప్రభావితం చేశాయి. ఆదిలో మాతృస్వామ్యం ఉండేదని, ఆస్తితో పాటు అది అంతరించిందని వీటినుంచి మనం నేర్చుకున్నాం. స్త్రీల పాత్రలు చారిత్రకమన్న మూలసూత్రం నేటికీ చెల్లుతుంది. అన్ని సమాజాలూ ఒకే మాతృస్వామ్య దశ గుండా వచ్చాయన్న భాగాన్ని మాత్రం నేటి మానవశాస్త్రం అంగీకరించదు. 'ఆదిలో పురుషుడే నాయకుడు' అన్న కథకు 'ఆదిలో స్త్రీయే నాయకురాలు' అన్న కథ జవాబు కాజాలదు. రెండూ నేటి హక్కును ఆదిమకాలపు దస్తావేజుతో నిరూపించబోతాయి. ఆ దస్తావేజు లేకపోయినా హక్కు హక్కే.

ముగింపు

ఈ పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మహావానరాల సామాజిక జీవనం స్త్రీ పురుష పాత్రలకు ఒకే మూలరూపాన్ని చూపదు; ఒంటి బలంతో పాటు మేత, పొత్తు, శిశుపోషణ కలిసి ఆ పాత్రలను నిర్ణయిస్తాయి. రెండవది, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల స్త్రీలు కొద్ది సంవత్సరాల్లోనే తమ పాత్రలను మార్చుకొన్నారు. వారిని పాత పాత్రల్లోకి తిరిగి పంపడానికి చెప్పిన కారణాలు సామాజికమైనవే తప్ప జైవికమైనవి కావు. మూడవది, అడవిలోనైనా చరిత్రలోనైనా, ఎవరికి ఎంత సమయం కేటాయించి చూశామన్న దాన్నిబట్టే ఎవరు ఉన్నారన్నది తేలుతుంది.

మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. వారికి అన్నం మోసినవారి, వారి పిల్లలను సాకినవారి కూతుళ్లు, మనుమరాళ్లు మాత్రం ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నారు. పోరాటంలో పాల్గొన్న తల్లుల పిల్లలను ఎవరు పెంచారన్న ఒక్క ప్రశ్నతో మౌఖిక చరిత్ర సేకరణకు తెలుగు శాఖలు పూనుకొంటే, చెట్టుకింద ఉయ్యాల ఊపిన ముసలమ్మకు కూడా చరిత్రలో ఒక పేజీ దొరుకుతుంది. అచ్చమాంబ 1901లో మొదలుపెట్టిన పట్టిక ఇంకా పూర్తికాలేదు.